ఈ కత్తి ఎవరి చేతికి?



మన పల్లెలలో జరుగదగిన ఒక సంగతితో ఈ మాట మొదలుపెట్టెదను. ఒక కూలివాని కుమారుడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొన్నాడనుకొనుడి. తండ్రి కూలిచేసి, తల్లి గేదె పాలమ్మి వానిని చదివించిరి. వాడు పరీక్ష నెగ్గి, ఆయుధములు తయారుచేయు ఒక కర్మాగారములో ఉద్యోగము సంపాదించెను. మొదటి నెల జీతము చేతికి రాగానే ఆదివారమున గుడికి వచ్చి, కృతజ్ఞతకానుకను కవరులో పెట్టి బల్లమీద ఉంచెను. తల్లి కొంగుతో కన్నీళ్లు తుడుచుకొనుచున్నది. అందరును సంతోషించుచున్నారు. అయితే వెనుక కూర్చున్న ఒక వృద్ధుడు ప్రక్కవానితో మెల్లగా, "మనుష్యులను చంపు సామాను చేసి తెచ్చిన డబ్బు గుడిలో పెట్టవచ్చునా?" అని అడిగెను. ప్రక్కవాడు, "అట్లయితే సరిహద్దు కాయువాడు వట్టిచేతులతో కాయవలెనా తాతా?" అని బదులు చెప్పెను.

ఇద్దరి మాటలోను నిజమున్నది. అందుచేతనే ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు, కోపపడి ముగింపరాదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాదులో క్షిపణులను చేయు భారత్ డైనమిక్స్ సంస్థ 1970లో స్థాపింపబడెను. మెదకు ప్రాంతములోని ఎద్దుమైలారమునొద్ద సైన్యమునకు కవచవాహనములను చేయు కర్మాగారము 1984లో ఏర్పడెను. అట్టి ప్రభుత్వ ఆయుధ కర్మాగారములన్నియు దేశమంతట ఒకే బోర్డు క్రింద నడిచినవి. 2021 అక్టోబరు 1న వాటిని 7 కంపెనీలుగా విభజించిరి. సొంత పెట్టుబడితో ఇదే పని చేయు కంపెనీలును పెరుగుచున్నవి. ఎందరో తెలుగు బిడ్డలు ఆ గేట్లలోనుండి పోయి వచ్చుచు అన్నము తినుచున్నారు. కాబట్టి ఆయుధములు చేయు కంపెనీకి మనస్సాక్షి ఉండవలెనా, ఉన్నయెడల అది ఎవరిలో ఉండవలెను అను ప్రశ్న మన వాకిటికే వచ్చియున్నది.

మొదట మన ఊరి కొలిమి దగ్గరకు పోదము. కమ్మరి కొడవలి చేయును, గొడ్డలి చేయును, నాగటికఱ్ఱు సాగగొట్టును. ఆ గొడ్డలితో ఎవడైన మనిషిని నరికిన యెడల కమ్మరిమీద నేరము మోపువాడెవడును లేడు. అయితే కాలువ నీటికై ఇద్దరు అన్నదమ్ములు తగవులాడుకొనిరనుకొనుడి. వారిలో ఒకడు చీకటిపడిన తరువాత వచ్చి, "మామా, తెల్లవారేసరికి నాకొక వేటకొడవలి కావలెను, కూలి రెండింతలు ఇచ్చెదను" అని అడిగెను. ఆ తగవు ఊరంతయు ఎరుగును, కమ్మరియు ఎరుగును. "నేను ఇనుము కొట్టువాడను, దానితో నీవేమి చేయుదువో నాకేల?" అని చెప్పి అతడు పని చేసిపెట్టిన యెడల, మరునాడు జరిగినదానిలో కమ్మరికి పాలు లేదని ఏ ఊరి పెద్దయు తీర్పు చెప్పడు. ఇనుము అదియే, సుత్తి అదియే, కమ్మరి అతడే. అయితే ఈసారి ఆ ఇనుము ఎవరి చేతికి, ఏ పనికి పోవుచున్నదో అతనికి తెలిసియున్నది.

కంపెనీ అనగా వేయి చేతుల కమ్మరి. ఒకడు మర బిగించును, ఒకడు బేరము కుదుర్చును, ఒకడు లెక్క వ్రాయును, ఎక్కడనో ఉన్న మరియొకడు వాటాలు కొని లాభము పుచ్చుకొనును. "ఇది ఎవరి చేతికి పోవుచున్నది?" అని అడుగవలసిన నోరు ఆ వేయిమందిలో ఎవరిది? ప్రతివాడును తన ప్రక్కవానిని చూపించును. ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. రెండువందల ఏండ్లకు మునుపే ఒక క్రైస్తవ సమాజము దీనిని ఎదుర్కొనెను. ఆ కథ మనము శ్రద్ధగా వినదగినది.

ఇంగ్లండులో క్వేకర్లు అను స్నేహితుల సమాజమువారున్నారు. యుద్ధము ఏ రూపములోనైనను తమకు తగదని వారు 1660 నాటికే రాజునకు ప్రకటనగా వ్రాసి ఇచ్చిరి. ఆ సమాజములోనే, బర్మింగుహాము పట్టణములో, సామ్యూలు గాల్టన్ అను ధనికుడుండెను. అతడు 1753లో పుట్టెను. శాస్త్రజ్ఞానముగలవాడు, ఆవిరియంత్రమును బాగుపరచిన జేమ్సు వాట్ మొదలగువారు కూడుకొను లూనార్ సొసైటీలో సభ్యుడు. అతని కుటుంబవ్యాపారము తుపాకులు చేయుట. ఆ తుపాకులు బ్రిటిషు సైన్యమునకు పోయెను. బానిసలను కొనువారు ఆఫ్రికా తీరమునకు తీసికొనిపోయిన సరకులోను అవి ఉండెను. మనుష్యులకు బదులుగా తుపాకులు ఇచ్చు ఘోరమైన వ్యాపారము అక్కడ సాగుచుండెను. ఆ కాలపు తుపాకులకు మన దేశముతోను సంబంధమున్నది. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకొరకు చేయించుకొను తుపాకి నమూనానే 1790లలో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమునకై బ్రిటిషు సైన్యము తీసికొనెను. అందుచేత దానికి 'ఇండియా పాటర్న్' అను పేరు వచ్చెను.

1795లో బర్మింగుహాము క్వేకరు సంఘమువారు గాల్టనును, అతని తండ్రిని కలిసికొని, ఈ వ్యాపారము మన సాక్ష్యమునకు విరుద్ధముగా ఉన్నదని చెప్పిరి. తండ్రి ముసలివాడు, ఆ వ్యాపారమునుండి తొలగుకొనెను. కుమారుడు తొలగలేదు. 1796లో అతడు సంఘమువారికి ఒక నీళ్లు నమలని ఉత్తరము వ్రాసెను. దానిలోని వాదము నేటికిని ఆయుధముల కంపెనీలు చెప్పు వాదములన్నిటికి తల్లివంటిది. దాని సారాంశము ఇట్లున్నది.

మొదటిది, నా తాత, తండ్రి, పినతండ్రుల కాలమునుండి 70 ఏండ్లుగా మా కుటుంబము ఈ పని చేయుచున్నది. ఆ 70 ఏండ్లలో మీరు ఒక్కమాటైన అనలేదు. ఇది నేను వెదకికొన్న పని కాదు. నాకు వారసత్వముగా వచ్చినది.

రెండవది, నా ధనమంతయు ఈ కట్టడములలోను, పనిముట్లలోను ఉన్నది. దీనిని ఒక్కసారిగా వేరు పనికి మార్చుట నాకు సాధ్యము కాదు.

మూడవది, ఆయుధము ఉన్నంతమాత్రమున అది దురాక్రమణకే అనరాదు. దేశరక్షణకును, ఊరిలో శాంతి నిలుపుటకును అది పనికివచ్చును. యవలు పండించు రైతు, వాటితో సారాయి కాచువాడు, త్రాగుబోతు చేయు దౌర్జన్యమునకు బాధ్యులా?

నాలుగవది, ఇదియే పదునైనది: మీలో ఎవరి చేతులు శుభ్రము? యుద్ధమునకు పోవు పన్ను మీరు కట్టుచున్నారు. ప్రభుత్వమునకు అప్పు ఇచ్చి వడ్డీ పుచ్చుకొనుచున్నారు. బానిసలు పండించిన చక్కెర, పొగాకు, బియ్యము, నీలిమందు మీ ఇండ్లలో ఉన్నవి. నన్ను మాత్రమే వేరుపరచుట న్యాయమా?

సహోదరులారా, ఈ మాటలు చదివినప్పుడు ఆ సంఘపెద్దలకు చెమట పట్టియుండవలెను. బర్మింగుహాములో తుపాకి ఒకే కొట్టములో పుట్టలేదు. ఒక వీధిలో గొట్టము, మరియొక వీధిలో మీట, వేరొకచోట కఱ్ఱపిడి చేయబడుచుండెను. ఇనుము అమ్మువాడు, బొగ్గు తెచ్చువాడు, అప్పు ఇచ్చువాడు, అందరును ఆ పనిలో భాగస్థులే. గాల్టన్ చెప్పినది అబద్ధము కాదు. అయినను 1796లో సంఘము అతనిని సభ్యత్వమునుండి తొలగించెను. అటుతరువాతను అతడు ఆరాధనకు వచ్చి కూర్చుండుట మానలేదు. 1804లో బ్యాంకు వ్యాపారములో ప్రవేశించెను. తుపాకుల సంపాదన క్రమముగా బ్యాంకు సంపాదనగా మారెను.

ఇప్పుడు మనము తీర్పరులము కాక, అతని ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారమై కూర్చుందము. "మీలో ఎవరి చేతులు శుభ్రము?" అను మాటకు జవాబేమి?

జవాబు ఆ కాలములోనే, ఆ దేశములోనే, చక్కెరవిషయమై దొరికినది. 1791లో బానిసవ్యాపారమును మాన్పు బిల్లును పార్లమెంటు త్రోసివేసెను. అప్పుడు సామాన్య కుటుంబములవారు ఒక తీర్మానము చేసికొనిరి: బానిసలు పండించిన చక్కెర మా తేనీటిలో వేసికొనము. ఓటు హక్కు లేని స్త్రీలే ఈ పనిలో ముందు నిలిచిరి. బానిసవ్యాపారమునకు విరోధముగా ఊరూర తిరిగిన థామస్ క్లార్కుసన్ అట్లు మానినవారు సుమారు 3,00,000 మంది అని అంచనా వేసెను. బానిసవ్యాపారము చట్టముచేత నిషేధింపబడినది 1807లో. వారు 16 ఏండ్లు ముందుగానే తమ వంటింటిలో దానిని నిషేధించిరి.

చూచితిరా? "మీరును చక్కెర తినుచున్నారు గదా" అని గాల్టన్ చెప్పినది, "కాబట్టి నన్ను విడువుడి" అనుటకు. ఆ కుటుంబములవారు అదే సత్యమును విని, "కాబట్టి మేమును మానెదము" అనిరి. తప్పులో పదిమందికి పాలున్నదనుట ఆ పదిమందియు మారుటకు కారణము గాని, ఎవడును మారకుండుటకు కారణము కాదు. పొలముగట్టు పదిమంది త్రొక్కి పాడుచేసిన యెడల పదిమందియు మన్ను వేయవలెను. నేనొక్కడనే త్రొక్కలేదు గనుక నేను వేయననిన యెడల గట్టు ఎన్నటికిని నిలువదు.

అయినను అందరి పాలు సమానము కాదు. ఇక్కడ మన పల్లెవారికి బాగుగా తెలిసిన ఒక పాత ధర్మము సహాయము చేయును. మోషే ధర్మశాస్త్రములో పొడుచు ఎద్దునుగూర్చి ఒక విధి ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా ఒకని పొడిచి చంపిన యెడల యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని మునుపే తెలిసి, జనులు హెచ్చరించినను కట్టివేయక విడిచిన యెడల, ఆ ప్రాణమునకు యజమానుడు ఉత్తరవాది. ఆ విధిలో రెండు సంగతులు చూడబడుచున్నవి: నీకు తెలిసినదా? ఆపుటకు నీకు శక్తి ఉండెనా? ఈ రెండింటిని బట్టి భారము హెచ్చును, తగ్గును.

ఈ రెండు ప్రశ్నలే మన కాలములో ఒక న్యాయస్థానములోను అడుగబడెను. జర్మనీలోని హాంబర్గు పట్టణములో ఒక కంపెనీ పురుగులను చంపు విషవాయువును అమ్ముచుండెను. దాని పేరు జైక్లాన్ బి. కట్టడములలోను బట్టలలోను పేలను, నల్లులను చంపుటకు అది ఉపయోగపడు సరకు. అదే సరకుతో ఆష్విట్జ్ శిబిరములో లక్షలకొలది మనుష్యులను చంపిరి. యుద్ధము ముగిసిన తరువాత, 1946 మార్చిలో, బ్రిటిషు సైనిక న్యాయస్థానము ఆ కంపెనీ యజమానుడైన బ్రూనో టెష్‌ను, అతని తరువాతి అధికారిని, వారి క్రింద పనిచేయు ఒక సాంకేతిక ఉద్యోగిని విచారించెను. వారు తమ చేతులతో ఎవరిని చంపలేదు. సరకు పంపి వెల పుచ్చుకొనిరి. అది మనుష్యులమీద వాడబడుచున్నదని తెలిసియే పంపిరని రుజువైనందున మొదటి ఇద్దరికి మరణశిక్ష విధింపబడెను. మూడవవాడు విడుదల పొందెను. సరకు పోవుటను ఆపగల స్థితిలో అతడు లేడని న్యాయస్థానము ఎంచెను.

ఇది ఆయుధ కర్మాగారము కథ కాదు. నల్లులమందు అమ్మినవారి కథ. అందుచేతనే దీనిని చెప్పితిని. సరకు పేరు ఎంత నిరపాయమైనదైనను, తెలిసిన తరువాత అమ్మకము వేరొక కార్యమగును. సరకు తుపాకియే అయినను, దొంగలనుండి ఊరిని కాయువానికి ఇచ్చుట వేరు, ఊరిని తగులబెట్టువానికి ఇచ్చుట వేరు. యవల రైతును గూర్చి గాల్టన్ వేసిన ప్రశ్నకు ఇదియే జవాబు. రైతు ఏ త్రాగుబోతును ఎరుగడు. గాల్టన్ మాత్రము తన తుపాకులు ఆఫ్రికా తీరమున దేనికి మారుచున్నవో ఎరుగును.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకొనవలెను. యుద్ధమునుగూర్చి క్రైస్తవులందరిది ఒకే అభిప్రాయము కాదు. క్వేకర్లును, మెన్నొనైటులును ఆయుధము పట్టరాదని చెప్పుచు వచ్చిరి. పాలమూరు ప్రాంతములో ఆ మెన్నొనైటుల మిషనువలన పుట్టిన సంఘములు నేటికిని ఉన్నవి. తక్కిన సంఘములలో అనేకులు, బలహీనులను కాపాడుటకు రాజ్యము ఖడ్గము ధరించుట న్యాయమేనని నమ్ముదురు. ఆ వాదమును ఈ చిన్న వ్యాసములో తీర్చలేము. అయితే రెండవ పక్షమువారికే ఈ ప్రశ్న మరి ఎక్కువగా తగులును. ఎందుకనగా, "రక్షణకొరకు చేయుట న్యాయము" అని చెప్పువాడు, "ఇది నిజముగా రక్షణకే పోవుచున్నదా?" అని అడుగుటకు బద్ధుడగును.

"ఆ సంగతి ప్రభుత్వము చూచుకొనును, లైసెన్సు ఇచ్చినది వారే గదా" అని కంపెనీవారు చెప్పుదురు. ప్రభుత్వమునకు లోబడుట మంచిదే. అయితే చట్టము అనుమతించినదంతయు మనస్సాక్షి అనుమతించునా? దీనికి మందుపాతరల కథ సాక్ష్యము. భూమిలో పాతిన మందుపాతరకు యుద్ధము ముగిసినదని తెలియదు. ఇరువది ఏండ్ల తరువాత మేకలు తోలుకొనిపోవు పిల్లవాని పాదము క్రిందను అది పేలును. 1997లో హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ, అమెరికాలో మందుపాతరలకు భాగములు చేసిన 47 కంపెనీల పేర్లు ప్రకటించి, ఇక చేయమని మాట ఇమ్మని అడిగెను. ఆ పని అక్కడ చట్టవిరుద్ధము కాదు. అయినను 17 కంపెనీలు మానెదమని చెప్పెను. వాటిలో మోటొరోలా ఒకటి. తక్కినవి ఒప్పుకొనలేదు. చట్టము ఒకటే, వ్యాపారము ఒకటే. అయినను కొందరు "చాలు" అనగలిగిరి. కంపెనీకి మనస్సాక్షి ఉండదను మాట నిజము కాదని దీనివలన తెలియుచున్నది. బల్లచుట్టు కూర్చున్నవారిలో ఎవడో ఒకడు నోరు తెరచినయెడల అది ఉండును.

అదే 1997 డిసెంబరులో ఒట్టావా పట్టణమున, మనుష్యులమీద వాడు మందుపాతరలను నిషేధించు ఒడంబడికమీద 122 దేశములు సంతకము చేసెను. మన దేశము అందులో చేరలేదు. 2025లో రష్యా పొరుగున ఉన్న కొన్ని ఐరోపా దేశములు, చేరిన ఆ ఒడంబడికనుండి తొలగుచున్నామని తెలియజేసినవి. పొరుగువాడు ఆయుధముతో నిలిచియున్నప్పుడు భయము ఎంత బలమైనదో దీనిని బట్టి గ్రహింపవచ్చును. ఆ భయమును మనము ఎగతాళి చేయరాదు. అయితే భయము మందుపాతర స్వభావమును మార్చలేదు. మేకలు కాయు పిల్లవాడు ఏ దేశపువాడైనను పిల్లవాడే.

కంపెనీ బాధ్యత సరకు గేటు దాటిన తరువాతనే మొదలగునని తలంపకుడి. అది గేటులోపలనే మొదలగును. 2025 జనవరి 24న మహారాష్ట్రలోని భండారా ఆయుధ కర్మాగారములో పేలుడు జరిగి 8 మంది కార్మికులు చనిపోయిరి. శత్రువు మీదికి పోవలసిన మందు, దానిని కలిపిన చేతులనే ముందుగా కాల్చగలదు. అందుచేత పనివాని ప్రాణము కాపాడుట, నాసిరకపు తూటా ఇచ్చి మన సిపాయినే మోసగింపకుండుట, చుట్టుపట్ల ఊళ్ల నీటిని పాడుచేయకుండుట, ఇవన్నియు ఈ వ్యాపారపు మొదటి ధర్మములు.

లంచమునుగూర్చియు చెప్పవలెను. అమెరికా విమానముల కంపెనీయైన లాక్‌హీడ్ తన విమానములు అమ్ముకొనుటకు విదేశములలో లంచములు ఇచ్చిన సంగతి 1976లో బయటపడి, జపాను మాజీ ప్రధానమంత్రి తనాకా నిర్బంధింపబడెను. ఆ మరుసటి ఏడే విదేశీ అధికారులకు లంచమిచ్చుటను నేరముగా ఎంచు చట్టమును అమెరికా చేసెను. 1986లో ఆ దేశములోని 18 ఆయుధ కంపెనీలు చేరి, మేము నిజాయితీగా వ్యాపారము చేసెదమని నియమములు వ్రాసికొనెను. మంచిదే. అయితే ఆ నియమములు ముఖ్యముగా ప్రభుత్వముతో చేయు వ్యవహారములో లెక్క సరిగా ఉండుటనుగూర్చినవి. లెక్క పైసాతో సహా సరిగా వ్రాసి, సరకు మాత్రము ఎవరికైనను అమ్మువాడు నీతిమంతుడగునా? త్రాసు సరిగా తూచిన కమ్మరి కథ మనము విడిచిపెట్టిన చోటనే ఉన్నది: వేటకొడవలి ఎవరికి ఇచ్చినాడు?

ఇక మన దేశపు చట్టమునకు వచ్చెదము. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము, నిర్ణయించిన మేరకు ఆస్తి, అమ్మకము లేక లాభముగల కంపెనీలు తమ గత 3 సంవత్సరముల సగటు లాభములో కనీసము 2 శాతము ప్రజల మేలుకొరకు ఖర్చుపెట్టవలెను. ఆయుధముల కంపెనీలకును ఇది వర్తించును. ఆ డబ్బుతో బడి గదులు, మంచినీటి ట్యాంకులు, మరుగుదొడ్లు, వైద్యశిబిరములు వచ్చుచున్నవి. వాటిని అనుభవించు పల్లెవారము మనమే. కృతజ్ఞత చూపుట ధర్మము. అయితే ఆ 2 శాతము ఎట్లు ఖర్చయినదో అడిగి ఊరకుండరాదు. మిగిలిన 98 శాతము ఎట్లు వచ్చినదో కూడ అడుగవలెను. దానము గొప్పదే గాని, అది రసీదు కాదు. యూదా తిరిగి తెచ్చిన వెండి నాణెములను కానుకపెట్టెలో వేయతగదని ప్రధానయాజకులు ఎంతో జాగ్రత్తపడి, వాటితో పరదేశులకు శ్మశానభూమి కొనిరి. అది మంచి పనియే. అయితే ఆ డబ్బు ఇచ్చినవారు వారే గదా! బయలుదేరినప్పుడు అడుగని ప్రశ్నను తిరిగివచ్చినప్పుడు అడిగిరి.

ఇదే పరిశ్రమలో మరియొక విధమైన మేలును మన హైదరాబాదులోనే చూచితిమి. డాక్టరు అబ్దుల్ కలాము క్షిపణుల పనిలో ఉండగా, అగ్ని క్షిపణికొరకు తేలికయైన గట్టి పదార్థమును తయారుచేసిరి. నిమ్స్ ఆసుపత్రిలో పోలియోవలన కాళ్లు చచ్చుబడిన పిల్లలు 3 కిలోలకు మించిన ఇనుప పట్టీలు ఈడ్చుకొనుచు నడచుచుండిరి. ఆయన సంఘమువారు అదే పదార్థముతో కొద్ది వందల గ్రాముల పట్టీలు చేసి ఇచ్చిరి. ఆ పిల్లలు పరుగెత్తుట చూచి తల్లిదండ్రులు ఏడ్చిరని ఆయనయే చెప్పియున్నాడు. ఇది లాభములో ఒక ముక్క పారవేయుట కాదు. తన చేతి నేర్పునే తిప్పి ఇచ్చుట. ఇదియైనను క్షిపణి ఎవరిమీదికి అను ప్రశ్నను తీర్చదు. అయితే ఈ నేర్పుతో ఇంకేమి చేయవచ్చునని అడుగు మనుష్యులు ఆ గోడలలోపల ఉండగలరని మాత్రము చూపుచున్నది.

ఇప్పుడు మరల మన గుడిలోని బల్లయొద్దకు వచ్చెదము. కవరు ఇంకను అక్కడనే ఉన్నది.

ఆ కానుకను విసరివేయుడని నేను చెప్పను. ఆ కుర్రవాడు హాంబర్గు కంపెనీలోని మూడవవానివంటివాడు. సరకు ఎక్కడికి పోవునో నిర్ణయించు కుర్చీ వానిది కాదు. పై కుర్చీలో కూర్చుండువాడు, వాటాలు కొనువాడు, ఓటు వేసి పాలకులను ఎన్నుకొను మనము, వానికంటె ఎక్కువగా ఉత్తరవాదులము. ఊరిలో ఉన్నతోద్యోగి కానుకను చేతులు జోడించి పుచ్చుకొని, ఫిట్టరు కానుకను మాత్రము అనుమానించు సంఘము న్యాయము చేయదు.

ఏమియు అడుగక పుచ్చుకొనుడనియు చెప్పను. గాల్టన్ చేసిన నేరారోపణలలో ఆ సంఘము జవాబు చెప్పలేనిది మొదటిదే: 70 ఏండ్లు ఎందుకు ఊరకుంటిరి? తాత బ్రదుకు ముగిసెను, తండ్రి ముసలివాడాయెను, ధనమంతయు గోడలలో గడ్డకట్టెను. అప్పుడు వచ్చి మానుమనిరి. మొదటి జీతమునాడు మెల్లగా అడుగదగిన ప్రశ్నను మూడవ తరమునాడు తీర్పుగా చెప్పిరి.

కాబట్టి ఆ ఆదివారము సాయంకాలమే పెద్దలిద్దరు ఆ ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుండి, వానితో ప్రేమగా మాటలాడవలెను. "నాయనా, అక్కడ ఏమి చేయుచున్నారు? ఎవరికి అమ్ముచున్నారు? చెడిన సరకుకు మంచి ముద్ర వేయుమని ఎవరైన చెప్పిన యెడల ఏమి చేయుదువు? నీవు చేయనని చెప్పవలసిన పని ఏదైన ఉండునా? అది ఏదో ఇప్పుడే, మనస్సు నిమ్మళముగా ఉన్నప్పుడే, ఆలోచించి పెట్టుకొనుము." వాడు రహస్యములు చెప్పనక్కరలేదు. ప్రశ్నలు వాని గుండెలో ఉండిన చాలును. ఒక ఏటికి కాకపోయిన పది ఏండ్లకు వాడు ఫోర్‌మన్ అగును, ఇరువది ఏండ్లకు మేనేజరు కావచ్చును. అప్పుడు ఆ వేయి చేతుల కమ్మరికి అడుగుటకు ఒక నోరు ఉండును.

అంతటితో మన పని ముగియదు. వానిని అడిగిన పెద్దలు తమ్మును తాము ఒక ప్రశ్న అడుగవలెను. ఒకదినమున ఆ కుర్రవాడు, "ఈ పని నేను చేయను" అని చెప్పి, ఉద్యోగము పోగొట్టుకొని ఇంటికి వచ్చిన యెడల, సంఘము ఏమి చేయును? "శభాష్" అని భుజము తట్టి ఎవరి ఇంటికి వారు పోవుదురా? వాని తల్లి మరల గేదె పాలమ్ముకొనవలసినదేనా? ఇతరుని మనస్సాక్షికి వెల కట్టుట సులభము. ఆ వెలలో మన పాలు ఇచ్చుట కష్టము. గాల్టన్ తన ధనమంతయు గోడలలో చిక్కుకొన్నదని చెప్పెను. అతడు ధనికుడు గనుక ఆ మాట సాకువలె వినబడును. కూలివాని కుమారుడు అదే మాట చెప్పిన యెడల అది సాకు కాదు. నెలకు సరిపడు బియ్యము.

కోతపండుగనాడు ప్రతి ఇంటినుండి ఒక కుంచెడు ధాన్యము వచ్చును గదా. అట్టి ధాన్యములో కొంత, మనస్సాక్షి నిమిత్తము పని పోగొట్టుకొన్నవారి ఇంటికై వేరుగా ఉంచుదమని సంఘము తీర్మానించిన యెడల, అప్పుడు మనము ఆ కుర్రవానితో ధైర్యముగా మాటలాడవచ్చును. అంతవరకు వెనుక వరుసలోని వృద్ధుని ప్రశ్న వానికి వేసిన ప్రశ్న కాదు, మనకు వేసిన ప్రశ్న.